ఐ.యు.ఐ. ఎవరికి ఫలిస్తుంది, ఎవరికి ఫలించదు?

పెళ్లయి ఏడాది తిరక్కుండానే ఆ ప్రశ్న మొదలవుతుంది. "ఏమన్నా విశేషమా?" హోసూరులో తెలుగు పెద్దమ్మ అడిగినా, కోవిల్‌పట్టిలో తమిళ పొరుగావిడ అడిగినా అదే 'విశేషం'. షోలాపూర్‌లో మరాఠీ వాళ్లు 'గోడ్ బాతమీ' అంటారు, అంటే తీపి కబురు. మాట ఏదైనా, అడిగేవాళ్ల చూపు పోయేది మాత్రం కోడలి కడుపు మీదికే. కొడుకు వైపు ఎవరూ చూడరు.

మన పాఠకుల నుంచి మాకు వచ్చే ఆరోగ్య సందేహాల్లో ఐ.యు.ఐ. గురించి అడిగేవి ఎక్కువే. చాలామంది అడిగేది ఒకటే: "మూడుసార్లు చేయించాం, నిలవలేదు. ఎందుకు?" ఆ మధ్య ఒక సోదరి ఇలాగే అడిగింది. ఆమెకు నాలుగు ఐ.యు.ఐ.లు చేశారు. స్కానింగులు, రక్త పరీక్షలు, సూదులు అన్నీ ఆమెకే. భర్త వీర్య పరీక్ష మాత్రం పెళ్లయిన కొత్తలో ఎప్పుడో చేయించిందే, మళ్లీ చేయించలేదు. "ఆయనది బాగానే ఉందని అప్పుడే చెప్పారు కదా" అని ఇంట్లో అందరూ అనుకున్నారట. నాలుగో విడత తర్వాత వేరే డాక్టరు మళ్లీ పరీక్ష చేయిస్తే కణాల సంఖ్య బాగా పడిపోయి ఉంది. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు. పోయిన డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ వయసులో పోయిన రెండేళ్లు తిరిగి రావు. అందుకే ఐ.యు.ఐ. ఫలించడం దేని మీద ఆధారపడుతుందో కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఇది డాక్టరు సలహాకు బదులు కాదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రమే.

అసలు చేసేదేమిటి?

ఐ.యు.ఐ. అంటే శుద్ధి చేసిన వీర్యాన్ని సన్నని గొట్టంతో నేరుగా గర్భాశయంలోకి పంపడం. అంతకుమించి ఏమీ లేదు. అండాన్ని బయటికి తీయరు, ల్యాబులో పిండాన్ని తయారు చేయరు. ఆ పని ఐ.వి.ఎఫ్.లో జరుగుతుంది. చాలా ఇళ్లలో ఈ రెండింటినీ కలిపి 'టెస్ట్ ట్యూబ్' అనేస్తారు. అది పొరపాటు. ఐ.యు.ఐ.లో ఫలదీకరణ జరగాల్సింది అమ్మ కడుపులోనే, గర్భనాళంలోనే. మనం చేసేది వీర్యకణాలకు దారి దగ్గర చేయడం, వాటిని సరైన గంటకు అక్కడికి చేర్చడం. మిగిలిన పనంతా శరీరమే చేసుకోవాలి. ఎవరికి ఫలిస్తుంది, ఎవరికి ఫలించదు అన్నదంతా ఇక్కడి నుంచే అర్థమవుతుంది.

మామూలుగా ఇలా నడుస్తుంది. నెలసరి రెండో రోజో మూడో రోజో స్కాన్ చేసి, అయిదు రోజులు లెట్రోజోల్ లేదా క్లోమిఫిన్ మాత్రలు ఇస్తారు. తొమ్మిది, పది రోజుల నుంచి ఫాలికల్ ఎంత పెరిగిందో స్కాన్‌లో చూస్తారు. అండం పెరిగే నీటితిత్తిని ఫాలికల్ అంటారు. అది 18 నుంచి 20 మిల్లీమీటర్లకు వచ్చాక అండం విడుదల కావడానికి హెచ్.సి.జి. సూది వేస్తారు. సుమారు 36 గంటలకు ఐ.యు.ఐ. చేస్తారు. చేసే పని అయిదు, పది నిమిషాలే. మత్తుమందు అక్కర్లేదు.

లెట్రోజోల్ గురించి ఒక మాట. సంతానం కోసం ఈ మందు వాడకాన్ని 2011లో మన దేశంలో నిషేధించారు, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఆ పాత వార్త ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి మాత్ర మానేసినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు నిషేధం లేదు.

అంకెలు ఎంత చెబుతున్నాయి?

ఏ లోపమూ లేని పడుచు జంటకు కూడా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం వందలో ఇరవై, ఇరవై అయిదుకు మించదు. ఐ.యు.ఐ.కి ఒక్కో విడతలో సుమారు వందలో పది నుంచి పదిహేను. పరిస్థితులు బాగా కలిసొస్తే ఇరవై దాకా వెళ్లవచ్చు. నలభై దాటితే అయిదు కూడా కష్టమే. కాబట్టి మొదటిసారి నిలవకపోవడం మామూలు సంగతే. దాన్ని చికిత్స విఫలమైనట్టుగానో, శాపంగానో చూడనక్కర్లేదు.

ఒక్కో విడతకు 12 శాతం అనుకుంటే మూడు విడతలకు 36 శాతం అని కొందరు లెక్క వేస్తారు. అలా కూడకూడదు. మొదటిసారి నిలిచినవాళ్లు రెండోసారికి రారు కదా. లెక్క సరిగా వేస్తే 32 దగ్గర ఆగుతుంది. అంటే మూడుసార్లు చేయించుకున్నా మూడింట రెండొంతుల మందికి గర్భం రాకపోవచ్చు. ఈ మాట ముందే చెప్పే డాక్టరు నిజాయితీపరుడని మేం అనుకుంటాం. "గ్యారంటీ" అనే బోర్డు పెట్టిన చోట రెండుసార్లు ఆలోచించండి.

ఐ.యు.ఐ.తో గర్భం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మొదటి మూడు, నాలుగు విడతల్లోనే వస్తుంది. ఆ తర్వాత అదే పద్ధతిని అదే మందులతో చేస్తూ పోతే పెద్దగా కలిసొచ్చేదేమీ ఉండదు.

అన్నిటికన్నా ముందు భార్య వయసు

ఇది వినడానికి ఇష్టం ఉండదు కానీ చెప్పక తప్పదు. ఆడపిల్ల తన అండాలన్నిటితోనే పుడుతుంది. కొత్తవి తయారు కావు. 35 దాటాక వాటి సంఖ్యా, నాణ్యతా రెండూ వేగంగా తగ్గుతాయి. 38 తర్వాత ఇంకా వేగం. మన ఇళ్లలో చదువు, ఉద్యోగం, సంబంధాలు కుదరక ఆలస్యం, ఇవన్నీ కలిసి పెళ్లి 30కి చేరిన కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. కానీ పెళ్లయ్యాక "ఇంకో ఏడాది చూద్దాం, ఆ మొక్కు తీరాక చూద్దాం" అని వాయిదా వేస్తే నష్టపోయేది ఆ అమ్మాయే. 35 లోపువాళ్లు ఏడాది ప్రయత్నించి, 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించి డాక్టరు దగ్గరికి వెళ్లాలని వైద్యులు చెబుతారు. నెలసరి క్రమంగా రానివాళ్లు అంతకాలం కూడా ఆగనక్కర్లేదు.

ఏ.ఎమ్.హెచ్. అనే రక్తపరీక్షలో ఎన్ని అండాలు మిగిలాయన్న అంచనా తెలుస్తుంది. అవి ఎంత నాణ్యంగా ఉన్నాయన్నది తెలియదు. 28 ఏళ్ల అమ్మాయికి ఏ.ఎమ్.హెచ్. కాస్త తక్కువ వచ్చిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. 41 ఏళ్లప్పుడు బాగుందని నిశ్చింతగా ఉండనూ కూడదు.

ఇక భర్త సంగతి

సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కారణం ఒంటరిగానో, భార్య వైపు కారణంతో కలిసో ఉంటుంది. అయినా కన్నడంలో 'బంజెతన' అన్నా, తెలుగులో 'గొడ్రాలు' అన్నా ఆ మాటలు ఆడదాని కోసమే పుట్టాయి. మగవాడికి తిట్టు కూడా లేదు. పేరు లేని లోపాన్ని ఎవరూ వెతకరు.

వీర్య పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస అంకెలు ఇవి: మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, ఆకారం సరిగా ఉన్నవి 4 శాతం. ఆకారం 4 శాతమే అని చూసి చాలామంది భర్తలు కంగారు పడతారు. అది మామూలే. ఐ.యు.ఐ.కి ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. శుద్ధి చేశాక మిగిలే కదిలే కణాలు మొత్తం ఎన్ని? అవి 50 లక్షల నుంచి కోటి దాకా ఉంటే మంచి ఆశ ఉంటుంది. 10 లక్షల కంటే తగ్గితే ఐ.యు.ఐ. ఫలించడం చాలా అరుదు. అలాంటివాళ్లు విడత మీద విడత చేయించుకోవడం కంటే ఒక్క కణాన్నే నేరుగా అండంలోకి పంపే ఇక్సీ పద్ధతి గురించి అడగడం మేలు. ప్రతి ఐ.యు.ఐ. తర్వాత "వాష్ చేశాక కౌంట్ ఎంత వచ్చింది?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం తర్వాత వెళ్లే ఏ డాక్టరుకైనా పనికొస్తుంది.

శుద్ధి ఎందుకంటే, వీర్యద్రవంలో ఉండే కొన్ని పదార్థాలు నేరుగా గర్భాశయంలోకి వెళితే తీవ్రమైన నొప్పి, అలర్జీ రావచ్చు. సహజంగా ఆ ద్రవం యోనిలోనే ఆగిపోతుంది. అందుకే ల్యాబులో ద్రవాన్ని, చచ్చిన కణాలను వేరుచేసి, చురుకైనవాటినే తీసుకుంటారు.

కణాల సంఖ్య ఎందుకు పడిపోతుంది? వృషణాల్లో నరాలు ఉబ్బే వెరికోసీల్, చిన్నప్పుడు గవదబిళ్లలు వృషణాలకు దిగడం, అదుపులో లేని మధుమేహం, సిగరెట్టు, మద్యం, గుట్కా, ఖైనీ. వృషణాలకు శరీరం కంటే కాస్త చల్లదనం కావాలి. కొలిమి దగ్గర, బాయిలర్ దగ్గర గంటల తరబడి నిలబడేవాళ్లు, లారీ నడిపేవాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి. భివండీ, షోలాపూర్ బట్టల మిల్లుల్లో అద్దకం పని చేసే మనవాళ్లు తప్పక చెప్పాలి. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకునే కుర్రాళ్లకు ఇంకో హెచ్చరిక: ఆ సూది మగతనం పెంచుతుందని అనుకుంటారు, అది వీర్యకణాల తయారీని దాదాపు ఆపేస్తుంది.

మంచి సంగతి ఏమిటంటే, ఒక వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. పొగాకు ఈ రోజు మానేస్తే మూడు నెలల తర్వాత చేసే పరీక్షలో తేడా కనబడవచ్చు. ఒక్క రిపోర్టు తక్కువ వస్తే అదే తీర్పు కాదు. జ్వరం వచ్చి తగ్గినా కొన్ని వారాలు సంఖ్య పడిపోతుంది. మళ్లీ చేయించాలి.

దారి తెరిచి ఉందా?

రెండు గర్భనాళాల్లో ఒక్కటైనా తెరిచి ఉంటేనే ఐ.యు.ఐ.కి అర్థం. రెండూ మూసుకుపోతే ఎన్నిసార్లు చేసినా అండమూ వీర్యకణమూ కలవవు. అందుకే ముందు హెచ్.ఎస్.జి. అనే ఎక్స్‌రే పరీక్ష చేస్తారు. గర్భాశయంలోకి రంగుమందు పంపి అది నాళాల గుండా బయటికి వస్తుందో లేదో చూస్తారు. కాసేపు నొప్పి ఉంటుంది. "నొప్పి అట, వద్దులే" అని తప్పించుకున్నవాళ్లను మేం ఎరుగుదుం. ఆ పరీక్ష లేకుండా ఐ.యు.ఐ. మొదలుపెట్టడం మూసిన తలుపు ముందు నిలబడి ఎదురు చూడడమే.

మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం క్షయ. ఊపిరితిత్తులకు వచ్చే టి.బి. గురించి అందరికీ తెలుసు. గర్భాశయానికి, నాళాలకు వచ్చేది చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు. దగ్గు ఉండదు, బరువు తగ్గకపోవచ్చు. పిల్లలు కలగడం లేదని వెళ్లినప్పుడే బయటపడుతుంది. ఇంట్లో ఎవరికైనా టి.బి. వచ్చి ఉంటే దాచకుండా చెప్పాలి. సంబంధం చెడుతుందని పెళ్లికి ముందు దాచిన కుటుంబాలు పెళ్లయ్యాకా దాచుతూనే ఉంటాయి, డాక్టరు దగ్గర కూడా.

నెలసరిలో భరించలేని నొప్పి ఉండేవాళ్లకు ఎండోమెట్రియోసిస్ ఉండవచ్చు. అది ముదిరినవాళ్లలో ఐ.యు.ఐ. ఫలితం తక్కువే. దీనికి భిన్నంగా, పి.సి.ఓ.ఎస్. వల్ల అండం సరిగా విడుదల కాక ఆలస్యమైనవాళ్లకు మందులు పనిచేస్తే అవకాశాలు బాగుంటాయి. ఒంటి బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా వాళ్లలో కొందరికి నెలసరి దానంతట అదే దారికి వస్తుంది. భార్యాభర్తల కలయికలోనే ఇబ్బంది ఉన్నవాళ్లకు, మధుమేహం వల్ల వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోయేవాళ్లకు కూడా ఐ.యు.ఐ. బాగా అక్కరకొస్తుంది. ఇవి నోరు విప్పి చెప్పుకోలేని సంగతులే. డాక్టరుకు మాత్రం రోజూ వినే సంగతులు.

థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలు ముందే చేయించి సరిచేసుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ముందు నుంచే మొదలుపెడతారు. ఒడిశాలో ఉన్న మనవాళ్లు సికిల్ సెల్, తలసీమియా పరీక్షల గురించి అడగడం మంచిది. మేనరికాల సంగతి కూడా ఇక్కడే. మామను, బావను చేసుకోవడం కర్ణాటక, తమిళనాడు తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ ఉంది. గర్భం నిలవకపోవడానికి మేనరికమే కారణమని వెంటనే తేల్చేయకూడదు. కానీ పదేపదే గర్భస్రావాలు జరిగినా, బంధువుల్లో ఏదైనా వంశపారంపర్య జబ్బు ఉన్నా జన్యు సలహా తీసుకోవాలి.

గంటల లెక్క

విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలే. శుద్ధి చేసిన కణాలు కూడా ఎక్కువ కాలం నిలవవు. అందుకే సూది వేసిన గంటకూ, ఐ.యు.ఐ. చేసిన గంటకూ పొంతన కుదరాలి. "ఆదివారం సెలవు, సోమవారం రండి" అనే చోట ఈ పొంతన చెడుతుంది. ముందే అడగండి: సెలవు రోజున అవసరమైతే చేస్తారా?

పనుల మీద ఊరు వదిలి ఉండే భర్తలకు ఇది పెద్ద చిక్కు. స్కాన్ చూసి "ఎల్లుండి" అంటే ముంబయి నుంచి రావడం ఎలా? వీర్యాన్ని ముందే గడ్డకట్టించి నిల్వ చేసే వీలుంది. అయితే కరిగించాక కదిలే కణాలు కొన్ని తగ్గుతాయి. కుదిరితే ఆ నెల సెలవు పెట్టుకోవడమే మేలు. నమూనా ఇచ్చే ముందు రెండు నుంచి అయిదు రోజులు కలయిక మానాలి. పది, పదిహేను రోజులు మానితే ఇంకా బలం పెరుగుతుందని కొందరు పెద్దలు చెబుతారు, అది నిజం కాదు. ముసలి కణాలు పేరుకుని కదలిక తగ్గుతుంది. ఆసుపత్రి గదిలో ఇవ్వలేకపోతే ఇంట్లో ఇచ్చి, గంట లోపు, ఒంటి వెచ్చదనంలో పట్టుకుని ల్యాబుకు చేర్చవచ్చు. సబ్బు, నూనె, మామూలు కండోమ్ ఏవీ వాడకూడదు. అవి కణాలను చంపేస్తాయి.

గర్భాశయం లోపలి పొర 7 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిదంటారు. ఫాలికల్ ఒకటికి బదులు రెండు పెరిగితే అవకాశం కాస్త పెరుగుతుంది. మూడు, నాలుగు పెరిగితే కవలలూ ముగ్గురూ పడే ప్రమాదం ఉందని ఆ విడత ఆపేస్తారు. "ఒకే ఖర్చుతో ఇద్దరు వస్తే మంచిదే కదా" అని అత్తగారు అనవచ్చు. నెలలు నిండకుండా పుట్టే కవలల గాజుగది ఖర్చు ఎంతో చూసినవాళ్లు ఆ మాట అనరు.

చేసిన తర్వాత

పది, పదిహేను నిమిషాలు పడుకోబెడతారు. ఆ తర్వాత ఇంటికి నడిచి వెళ్లవచ్చు. ఇంటి పని, ఆఫీసు పని మామూలుగా చేసుకోవచ్చు. పద్నాలుగు రోజులు మంచం దిగకుండా పడుకుంటే ఫలితం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. మెట్లెక్కినా, దగ్గినా, తుమ్మినా లోపలికి వెళ్లినది జారిపోదు. బొప్పాయి ముక్క తినడం వల్ల పోయిందని ఎవరైనా అంటే నమ్మి కుమిలిపోవద్దు.

పరీక్ష రెండు వారాల తర్వాతే. తొందరపడి వారానికే ఇంట్లో కిట్‌తో చూసుకుంటే, అంతకుముందు వేసిన హెచ్.సి.జి. సూదే రెండు గీతలు చూపించవచ్చు. ఊరంతా చెప్పుకున్నాక అది నిజం కాదని తెలిస్తే ఆ బాధ మామూలుది కాదు. గర్భం అని తేలాక ఒక పక్క తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం నాళంలో పడిందేమోనని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా ఆగకూడదు.

వెళ్లే చోటు గురించి

2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ప్రకారం ఐ.యు.ఐ. చేసే కేంద్రాలు కూడా రిజిస్టరు కావాలి. ఐ.యు.ఐ. మాత్రమే చేసేవి మొదటి స్థాయి కేంద్రాలు. ధ్రువపత్రం ఉందా అని అడగడానికి మొహమాటం వద్దు. చికిత్స కోరే స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్లు ఉండాలి. దాత వీర్యం వాడాల్సి వస్తే అది రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి, ఇద్దరి రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఎవరికీ తెలియకుండా మరిదిదో, బంధువుదో వాడేద్దామని కొన్ని ఇళ్లలో గుసగుసలాడుకుంటారు. అది చట్టవిరుద్ధం. మగపిల్లాడు పుట్టేలా కణాలు వేరుచేస్తామని చెప్పేవాళ్లు కూడా 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నేరస్థులే. వాళ్లను అడిగిన కుటుంబం మీదా కేసు పడుతుంది.

ఇంకో చిక్కు భాష. ఇంట్లో తెలుగు, బయట తమిళమో కన్నడమో ఒడియానో, రిపోర్టు ఇంగ్లీషులో. బరంపురంలో, బళ్లారిలో తెలుగు మాట్లాడే డాక్టర్లు దొరుకుతారు. యానాం వాళ్లు కాకినాడ వెళ్లొస్తారు. మిగిలిన చోట్ల 'కరుత్తరిప్పు మైయం' బోర్డు చదవగలిగినా లోపల చెప్పేది సగమే అర్థమవుతుంది. కోడలిని అత్తగారితో పంపి భర్త పనికి పోవడం వల్ల ఆ సగం కూడా ఇంటికి చేరదు. మొదటి రోజు భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకోండి. ఈ నాలుగూ రాసుకుని వెళ్లి అడగండి: నాళాలు తెరిచి ఉన్నాయా, శుద్ధి తర్వాత కౌంట్ ఎంత, మా వయసుకు ఒక్కో విడతలో అవకాశం ఎంత, ఎన్ని విడతల తర్వాత పద్ధతి మారుస్తారు. మూడు, నాలుగు విడతలకు ఫలించకపోతే ఐ.వి.ఎఫ్. గురించి మాట్లాడాల్సిందే. భార్యకు 38 దాటితే ఒకటి, రెండు విడతలకే, కొన్నిసార్లు నేరుగానే ఆ మాట ఎత్తుతారు.

పైన చెప్పిన సోదరి ఇప్పుడు వేరే చోట చికిత్సలో ఉంది. ఈసారి మొదటి పరీక్ష భర్తకే చేశారని, ఆయన గుట్కా మానేసి మూడు నెలలైందని రాసింది. రెండో కౌంట్ రిపోర్టు వచ్చే వారం వస్తుందట.